కొమ్ము రాలిన మాట

స్టూడియో వెనక గది,
వానలు మొదలైన వారం

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం అందింది. ఉత్తరం అనడానికి నోరు రావడం లేదనుకో. "క్షేమం. నువ్వు క్షేమమా." అంతేనా? మాటకింత అని నీ మీద పన్నేమైనా వేశారా?

ఇక్కడ నాకు బాగానే ఉంది. రంగులావిడ మంచిదే. కోపం మాత్రం ముక్కు మీదే కూర్చుని ఉంటుంది. ఆవిడ బొమ్మలు వేస్తుంది. నేను కుంచెలు కడుగుతాను, రంగు కారి నేల పాడవకుండా పాత పేపర్లు పరుస్తాను, ఇల్ల తుడుస్తాను. వెనక గది నాది. తలుపేసుకుంటే నన్ను అడిగేవాడు లేడు. ఈ వయసులో ఒంటిగత్తెకి ఇంకేం కావాలి.

మొన్న ఎగ్జిబిషన్‌కి నన్నూ తీసుకెళ్ళింది, సంచీ మోయడానికి. జనం బొమ్మ ముందు నిలబడి గడ్డాలు గోక్కుంటున్నారు. నాకేం అర్థమవుతుందిలే అనుకున్నాను. ఒకదాని ముందు కాళ్ళు ఆగిపోయాయి. అన్నీ ఇళ్ళ కప్పులే. మేడ మీంచి చూసినట్టు, ఒకదాన్నొకటి తోసుకుంటూ. మనిషి ఒక్కడూ లేడు, అయినా సంతంత గోలగా ఉంది. ఎందుకో నీ కొట్లో పీలికల బుట్ట గుర్తొచ్చింది.

మిషను మీద దుప్పటి తీశావా? మరదలు పోయిందని మిషనుక్కూడా ముసుగేస్తే ఎలారా. ఏదో ఒకటి కుట్టు. కడుపు కోసం కాకపోతే చేతుల కోసమైనా.

మీ అక్క


కొట్టు

అక్కకి,

అందింది. "ఇల్ల తుడుస్తాను" అని రాశావు. నీ అక్షరాలకి కొమ్ములు చిన్నప్పట్నుంచీ రాలిపోతూనే ఉన్నాయి. పంతులుగారుంటే చెవి మెలేసేవారు.

దుప్పటి తీయలేదు.

ఆ కప్పులు ఏ రంగువి?

తమ్ముడు


స్టూడియో వెనక గది

తమ్ముడూ,

కొమ్ములుంటే పొడుస్తాయిరా. అందుకే కోసేస్తాను. నువ్వు చెవి మెలేయించుకున్న రోజులు నాకు గుర్తులేవనుకోకు.

కప్పులు ఎర్రవి, బూడిద రంగువి, ఒకటి మాత్రం నీలం. ఆ నీలమే గోల పెట్టేది.

మా ఎదురింట్లో మట్టాయన ఉంటాడు. మట్టితో బొమ్మలు చేస్తాడు. ఆయనా రంగులావిడా పాత స్నేహితులు. పొద్దున ఆయన ఇటొచ్చి టీ తాగుతాడు, సాయంత్రం ఆవిడ అటెళ్ళి తాగుతుంది. రోజంతా ఒకరినొకరు తిట్టుకుంటారు. "నీ బొమ్మ చూస్తే టీ విరిగిపోతోంది" అని ఆవిడ, "నీ రంగు టీలో పడిందేమో చూసుకో" అని ఆయన. చలికాలంలో ఇద్దరూ ఒకే హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. ఆవిడ బొమ్మలు గోడల మీద, ఆయనవి మధ్యలో.

నిన్న ఆయన గదికెళ్ళాను. అలమార నిండా చేతులురా తమ్ముడూ! మట్టి చేతులు, మణికట్టు దాకా. ఒకటి ముడుచుకుని, ఒకటి అడుగుతున్నట్టు, ఒకటి వద్దన్నట్టు. "ఎవరివి?" అని అడిగాను. "బజార్లో చూసినవే. మొహాలు గుర్తుండవు నాకు" అన్నాడు. నా చేతులు కొంగులో దాచుకుని వచ్చేశాను. చూస్తే అలమారెక్కిస్తాడని.

మీ అక్క


కొట్టు

అక్కకి,

దుప్పటి తీశాను. మిషనుకి నూనె వేశాను.

పాత చొక్కాల కాలర్లు విప్పాను. కాలర్ని తిరగేస్తే ఇంటి కప్పులా ఉంటుంది. ఎరుపు, బూడిద కలిపి బొంత కుట్టాను. నీలం ఒక్కటే పెట్టాను. నువ్వన్నది నిజం. అది గోల పెడుతోంది.

ఆ చేతుల సంగతి ఇంకా రాయి. పాత చొక్కాల చేతుల కఫులు చాలా ఉన్నాయి.

తమ్ముడు


స్టూడియో వెనక గది,
వానలు వెనకబట్టాయి

నా తండ్రే,

కాలర్లతో కప్పులా! ఉత్తరం రెండుసార్లు చదువుకుని ఏడ్చాను, నవ్వాను. నీకు ఎలా తోచిందిరా?

సరే, ఇప్పుడు రాసేది ఎవరికీ చెప్పకు. ఒట్టు.

రంగులావిడ ఎండాకాలం నుంచీ ఒకే బొమ్మ మీద కూర్చుంది. ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా పెట్టేది అదేనట. వేసేటప్పుడు తలుపు మూస్తుంది, లేచేటప్పుడు దాని మీద దుప్పటి కప్పుతుంది. నన్ను కూడా చూడొద్దంది. మట్టాయనకి తప్ప ఎవరికీ చూపించలేదు. నిన్న ఆవిడ బయటికెళ్ళింది. దుమ్ము దులుపుదామని దుప్పటి ఎత్తాను. దుమ్ము లేదనుకో.

ఖాళీ గది. పొడుగాటి బల్ల. పక్కన కుర్చీ, గోడ వైపు తిప్పి ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళినట్టు. కుర్చీ వెనక కిటికీ. వెలుతురు వీపు మీంచి వచ్చి బల్ల మీద ఏటవాలుగా పడుతోంది. బల్ల మీద తెల్ల గుడ్డ ఒక్కటే. ఇంకేం లేదు. అంత పెద్ద బల్ల మీద అదొక్కటే ఉంటే, ఎవరూ ముట్టుకోకూడదన్నట్టుందిరా.

దుప్పటి ఎలా ఉన్నది అలా కప్పేశాను.

మీ అక్క


కొట్టు

అక్కకి,

ఆవిడ ఎప్పుడైనా మా ఊరొచ్చిందా? మా ఇల్లు ఆవిడకి ఎలా తెలుసు?

ఎవరికీ చెప్పలేదు. కుట్టాను.

తమ్ముడు


స్టూడియో వెనక గది

తమ్ముడూ,

కొంప మునిగింది.

కుట్టానంటే ఇంట్లో కప్పుకోవడానికి అనుకున్నాను. గ్రంథాలయంలో పెట్టావని నాకు ఒక్క ముక్క రాయలేదేంరా?

ఈ పొద్దున ఎప్పట్లాగే పాత పేపర్ల కట్ట విప్పి పరిచాను. రంగులావిడ కుంచె తీసుకుని నిలబడింది. ఉన్నట్టుండి కిందికి చూసింది. అలాగే మోకాళ్ళ మీద కూర్చుండిపోయింది. కళ్ళు తిరిగాయేమో అని పరిగెత్తాను. ఆవిడ కాళ్ళ దగ్గర పేపర్లో బొమ్మ. "గ్రంథాలయంలో స్థానికుల చేతిపనులు. ఒక దర్జీ కుట్టిన బొంత." అరచేతిలో సగం ఉంది, నలుపూ తెలుపూ, మసక మసక. అయినా బల్ల అదే. గోడ వైపు కుర్చీ అదే. వెలుతురు అదే. మధ్యలో తెల్లటి చుక్క కూడా అదే.

నా చేత్తో నేనే పరిచాను తమ్ముడూ. వేరే పేజీ పైకొచ్చినా బాగుండేది.

"ఇది నాది" అంది. అరవలేదు. అరిస్తే బాగుండేది. "దుప్పటి తీసినప్పుడు ఈ గదిలోకి వచ్చినవాడు ఒక్కడే. మట్టి కోసం ఈ గ్రంథాలయం ఉన్న ఊరి వైపు వెళ్ళేవాడూ వాడొక్కడే" అంది. అప్పుడే మట్టాయన వచ్చాడు. టీ కప్పు అందుకోబోతున్నాడు. పేపరు మొహం మీద పట్టింది. ఆయన చూసి, "నేను చెప్పలేదు" అన్నాడు. "మరి గోడలు చెప్పాయా?" అంది. ఆయన కప్పు ముట్టుకోకుండా వెళ్ళిపోయాడు.

నేను పక్కనే చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాను. నోరు తెరవలేదు. నాకు తమ్ముడున్నాడని ఆవిడకి తెలుసు. దర్జీ అని తెలియదు.

ఇక నువ్వేమీ రాయకు. ఏమీ చెయ్యకు.

మీ అక్క


కొట్టు

అక్కకి,

గ్రంథాలయం ఆవిడ కోటు గుండీ కుట్టించుకోడానికి వచ్చి బొంత చూసింది. అడిగింది. కాదనడానికి నోరు రాలేదు. నీకు రాయడానికి సిగ్గేసింది. తప్పు నాది.

రంగులావిడకి చెప్పు. మట్టాయన్ని మాట పడనివ్వకు.

తమ్ముడు


స్టూడియో వెనక గది,
చలి మొదలైంది

"చెప్పు" అని రెండక్షరాలు పడేశావు. నిజంగా చెప్పు పుచ్చుకుని కొట్టినట్టే ఉంది. అక్కడ కూర్చుని సూదిలో దారం ఎక్కించుకునేవాడికి తేలికే.

చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? సంచీ వీధిలో పడుతుంది. కుంచెలు కడగడం తప్ప నాకేం వచ్చు? నీ ఇంటికొచ్చి పడమంటావా? మరదలున్నప్పుడే రెండు పూటలు మించి ఉండలేకపోయేదాన్ని. పాపం అది ఏమీ అనేది కాదు. ఒకరి పొయ్యి దగ్గర చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు చేతకాదురా. ఈ గది ఇరుకైనా తాళం నాది.

ఇక్కడ ఎలా ఉందో చెప్తాను విను. పొద్దున రెండు కప్పులు పెడతాను, అలవాటు. ఒకటి అలాగే చల్లారిపోతుంది. ఆవిడ దాని వంక చూడదు. నన్ను తీయమనీ అనదు. బొమ్మ ముట్టుకోవడం మానేసింది. "అది ఇప్పుడు ఎవడో దర్జీది. నేను పెడితే నేనే దొంగనంటారు" అంటోంది. నిన్న హాలు వాళ్ళు వచ్చారు. మట్టాయన చేతులు ప్రదర్శనలో ఉండకూడదని చెప్పేసింది. అవి ఉంటే తన బొమ్మలు ఉండవంది.

సాయంత్రం ఆయన వాకిట్లో కూర్చుని ఆ చేతుల్ని గడ్డిలో చుట్టి పెట్టెల్లో పెడుతున్నాడు. నన్ను చూసి, "ఏమ్మా, నీ పేపర్లు బాగా చదివిస్తున్నాయే" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆయనకి తెలిసిందా? తెలిసీ ఊరుకున్నాడా? రాత్రంతా అదే.

నువ్వు రావొద్దు. వస్తే నాకు తమ్ముడే లేడనుకుంటాను.


కొట్టు

అక్కకి,

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. బొంత తెస్తున్నాను.

నీ పేరు ఎత్తను.

తమ్ముడు


కొట్టు,
శుక్రవారం

అక్కకి,

నువ్వు కిటికీ తెర వెనక నిలబడ్డావు. చెయ్యి కనిపించింది. తలుపు నువ్వు తీస్తావనుకున్నాను. ఆవిడ తీసింది. నువ్వు వెనక గదిలోంచి రాలేదు. లోపల ఏం జరిగిందో నీకు తెలియాలి. అందుకే ఇంత రాస్తున్నాను. అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకో.

"ఎవరు కావాలి?" అంది. సంచీ విప్పి బొంత పరిచాను, నువ్వు పరిచిన పేపర్ల మీదే.

"ఓహో, మీరేనా ఆ దర్జీ! దొంగసొత్తు ఇంటికే తెచ్చిచ్చారే" అంది.

ఆవిడ వంగి చూసింది. తర్వాత కింద కూర్చుంది. బల్ల అంచు మీద వేలు పెట్టి కొసదాకా జరిపింది. కుర్చీ దగ్గర ఆగింది. మధ్యకి వచ్చింది.

"గుడ్డు ఏది?" అంది.

"ఇదేనండీ గుడ్డ" అన్నాను.

"ఇది గుడ్డు కాదు."

"గుడ్డేనండీ. మంచి నూలుది."

"నూలు గుడ్డేమిటయ్యా! వేళాకోళమా? నేనడిగేది గుడ్డు."

"నేను చూపించేదీ అదేనండీ."

ఆవిడ విసురుగా లేచి బొమ్మ మీద దుప్పటి లాగేసింది. బల్ల ఉంది. కుర్చీ ఉంది. వెలుతురు ఉంది. బల్ల మీద కోడిగుడ్డు ఉంది.

అక్కా, కోడిగుడ్డు.

నాకు నవ్వొచ్చింది. మీ మరదలు పోయాక నవ్వడం అదే మొదలు. ఆపుకుందామని తువ్వాలు నోట్లో పెట్టుకున్నాను. ఆగలేదు. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఏమిటా నవ్వు?" అంది.

"నాకు రాసినవాళ్ళకి కొమ్ములు పెట్టడం రాదండీ" అనేశాను. అన్నాక నాలిక కరుచుకున్నాను.

"ఎవరు రాశారు?"

తల దించుకున్నాను.

"వాడేనా? మట్టి వాడేనా?"

"ఆయన కాదండీ. ఆయన్ని నేను చూడనే లేదు."

"మరి?"

ఆవిడ మళ్ళీ బొంత దగ్గర కూర్చుని ఆ తెల్ల గుడ్డ మీద చెయ్యి వేయబోయింది. "సూది ఉంది, చూసుకోండి" అన్నాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. "సూది తీయకుండా ఎవరైనా కుడతారా?" అంది.

అప్పుడు చెప్పాల్సి వచ్చింది. మా కొట్లో నేను మిషను, మీ మరదలు చేతికుట్టు. కత్తిరింపు బల్ల కొసన కూర్చునేది. వెలుతురు వీపు మీంచి రావాలని కుర్చీ గోడ వైపు తిప్పుకునేది. ఆ రోజు ఒక తెల్ల గుడ్డకి అంచు మడిచి కుడుతూ, సూది గుచ్చి పెట్టి, "ఇప్పుడే వస్తా" అని లేచింది. రాలేదు. ఆ గుడ్డ ఆ బల్ల మీదే ఉంది. నేను తీయలేదు. ఆ బల్ల మీద ఇంకేదీ పెట్టలేదు.

నీ ఉత్తరం చదివితే ఎవరో తెలియనావిడ మా ఇంట్లోకి చూసి బొమ్మ వేసిందనుకున్నాను. అందుకే కుట్టాను. ఆ గుడ్డని బల్ల మీంచి తీసి బొంతలో పెట్టాను. సూది మీ మరదలు గుచ్చిందే.

ఇదంతా రంగులావిడకి చెప్పాను, ఉత్తరం నీదని చెప్పకుండా. ఎలా చెప్పానో తెలియదు. ముక్కలు ముక్కలుగా వచ్చి ఉంటుంది.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ ముక్కు ఎక్కడో చూశాను" అంది. ముక్కు ఎక్కడ దాచుకోను?

బొంత మడవడానికి ఇద్దరు కావాలి. ఆవిడ రెండు కొసలు పట్టుకుంది. మడత అయ్యాక, "వెళ్ళండి" అంది.

మట్టాయన కాదని నమ్మిందో లేదో తెలియదు. నీ పేరు ఎత్తలేదు. మిగిలింది నీ చేతిలో ఉంది.

తమ్ముడు


స్టూడియో వెనక గది,
ప్రదర్శన మర్నాడు

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన రోజే పొద్దున రెండు కప్పులు పెట్టి, ఆవిడ ముందు నిలబడ్డాను. "నేనేనమ్మా రాసింది. వాడు మా తమ్ముడు" అన్నాను.

"తెలుసు. ముక్కు చూశాను" అంది. "నువ్వు చెప్తావో లేదో అని వారం నుంచి చూస్తున్నాను."

వారం రోజులూ నా ఎదుట రంగు కలుపుతూ కూర్చుందిరా. ఒక్క మాట జారలేదు.

"తాళాలు అక్కడ పెట్టు" అంది. పెట్టాను. "నెలాఖరు దాకా గదిలో ఉండు. స్టూడియోలోకి రాకు. నీ తమ్ముడు దొంగ కాడు. నువ్వు దొంగవి. దుప్పటి ఎత్తినందుకు కాదు, ఆ మట్టి వాడు మాట పడుతుంటే చీపురు పట్టుకుని నిలబడ్డావు చూడు, అందుకు." అది నిజం.

తర్వాత ఆ చల్లారిన కప్పు చేత్తో పట్టుకుని వీధి దాటింది. మట్టాయన తలుపు దగ్గర నిలబడింది. కొట్టలేదు, పిలవలేదు. ఆయనే తీశాడు. కప్పులోకి చూశాడు. "ఇన్నాళ్ళ టీ తాగిస్తావా నాకు? పారబొయ్యి, కొత్తది పెడతాను" అన్నాడు. ఇద్దరూ లోపలికెళ్ళారు. కాసేపటికి తిట్లు వినిపించాయి. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

నిన్న ప్రదర్శనకి వెళ్ళాను. సంచీ లేకుండా, నా కాళ్ళ మీద. మధ్యలో మట్టాయన చేతులన్నీ ఉన్నాయి. ఒకటి కొత్తది, చీపురు పట్టుకున్నట్టు వేళ్ళు ముడిచి ఉంది, చీపురు మాత్రం లేదు. ఎవరిదని అడగలేదు.

గుమ్మానికి ఎదురుగా ఆ బొమ్మ. ఈసారి జాగ్రత్తగా రాస్తున్నాను, ఒక్కో అక్షరం చూసుకుని. బల్ల ఉంది. కుర్చీ ఉంది. బల్ల మీద గుడ్డు లేదు. గుడ్డా లేదు. గీకేసిన చోట కొంచెం గరుగ్గా, కొంచెం తెల్లగా మిగిలింది. అంతే. జనం దాని ముందే గుమిగూడారు. ఎవరూ గడ్డం గోక్కోవడం లేదు.

ఆవిడ నా పక్కకొచ్చి నిలబడింది. నా వంక చూడకుండానే, "ఆ గుడ్డ చూశాక నా గుడ్డు నిలబడలేదు. మీ తమ్ముడికి చెప్పు" అంది. చెప్పాను.

మట్టాయన మట్టి తొక్కే పనికి రమ్మంటున్నాడు. "ఈ మోకాళ్ళతోనా? మీరే నన్ను తొక్కి బొమ్మ చెయ్యండి" అన్నాను. నెలాఖరు వస్తోంది. ఏం చెయ్యాలో తోచడం లేదు. నిన్ను అడగడం లేదు. ఊరికే రాస్తున్నాను.

మీ అక్క


కొట్టు

అక్కకి,

అందింది.

కొత్త బొంత మొదలుపెట్టాను. కఫులతో చేతులు. చేతికుట్టు చాలా ఉంది. నా వేళ్ళు మిషనువి. చేతికుట్టు నీకు వచ్చు. చిన్నప్పుడు నాకు నేర్పింది నువ్వే. ఇక్కడ చేతులు కట్టుకుని కూర్చోవడం కుదరదు.

నీ గదికి తాళం కొన్నాను. చెవి ఒకటే. నీకు ఇస్తాను.

బల్ల ఖాళీగా ఉంది. కుర్చీ గోడ వైపు నుంచి ఇటు తిప్పాను. వెలుతురు తక్కువనిపిస్తే నీ ఇష్టం వచ్చినట్టు తిప్పుకో.

ఏ బస్సుకో రాయి. కొమ్ములు లేకపోయినా ఫరవాలేదు.

తమ్ముడు